కారు కంప్యూటరు – మేము నేర్చిన పాఠం

తెలుగు బోధించే వారికి మోటారు కారు ఇంజనుతో ఏమి పని అని విద్యార్థి మిత్రులు అడగవచ్చును. పని కలిగినది కాబట్టే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మాటకు మూలమేదో వెదకడం మా వృత్తి. దోషానికి మూలమేదో వెదకడం ఒక ఉస్తాదు వృత్తి. ఆయన షెడ్డులో కూర్చున్న రెండు దినాలలో, వెదకడం మాకు ఇంకా రాలేదని తెలిసి వచ్చినది.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదును ముంచెత్తిన వానలకు, వీధిలో నిలిపిన మా పాత పెట్రోలు కారులో సీట్ల దాకా నీరు చేరినది. ఆరబెట్టి, ఆయిలు మార్చి మరల నడుపుకున్నాము. 2022 మార్చిలో ఒక ఉదయం ఇంజను కుంటసాగినది. స్టీరింగు వెనుక పసుపు దీపం వెలిగి ఇక ఆరలేదు. వారానికి రెండు పర్యాయాలు మా అబ్బాజాన్‌ను డయాలసిస్‌కు తీసుకొని పోయే బండి అది. డయాలసిస్ ముగిసి నీరసించిన మనిషిని ఆటో కుదుపులలో ఇంటికి చేర్చడం ఎంత కష్టమో చేసిన వారికే తెలియును.

ఒక పెద్ద వర్క్‌షాపులో స్కానరు తగిలించి ఐదు నిమిషాలలో తీర్పు చెప్పారు: "కంప్యూటరు పోయింది సార్. కొత్తది వేయాలి." వారు చెప్పిన వెల మా రెండు నెలల జీతానికి మించినది.

ఈ కంప్యూటరు సంగతి కొంత చెప్పాలి. పూర్వం కార్బ్యురేటరు, డిస్ట్రిబ్యూటరు చేసిన పనినే ఇది చేస్తుంది. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారుకు బాష్ సంస్థ ఎలక్ట్రానిక్ ఇంధన నియంత్రణను సమకూర్చినది. 1979లో బి.ఎం.డబ్ల్యు. 732ఐ కారులో పెట్రోలును, స్పార్కును ఒకే కంప్యూటరుకు అప్పగించారు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 100 స్పార్కులు కావాలి. ప్రతిదానికీ సరియైన క్షణాన్ని ఈ పెట్టె నిర్ణయిస్తుంది. దోషం కనిపించిన చోట ఒక సంకేత సంఖ్యను కూడా తనలో వ్రాసి ఉంచుకుంటుంది. మన దేశంలో 2010 నుండి భారత్ స్టేజ్ 4 నియమాలతో ఈ స్వయం పరీక్షా పద్ధతి కొత్త కార్లకు దశలవారీగా తప్పనిసరి అయినది.

మిత్రులొకరు చెప్పగా పాతబస్తీలోని ఉస్తాదు వద్దకు బండిని చేర్చాము. ఆయన స్కానరులో పి0353 అనే సంకేతం చూచి, "లెక్చరర్ సాబ్, మూడో కాయిల్ సర్క్యూట్‌లో ఏదో ఉందని ఇది చెబుతోంది. ఏ సామాను చెడిందో, ఎందుకు చెడిందో చెప్పదు. నొప్పి ఎక్కడో చెబుతుంది, రోగం చెప్పదు" అన్నారు.

పెట్టెను ఆయన వెంటనే విప్పలేదు. ముందుగా బ్యాటరీ వోల్టేజి చూచారు. తరువాత ఫ్యూజులు, రిలే. కంప్యూటరుకు కరెంటు నిండుగా చేరుతున్నదా, ఎర్తు గట్టిగా ఉన్నదా అని మీటరుతో కొలిచారు. ఎర్తు వదులైతే మంచి కంప్యూటరు కూడా పిచ్చిగా ప్రవర్తిస్తుందట. సెన్సార్లకు పోయే ఐదు వోల్టులు కూడా సరిగానే ఉన్నవి. ఒక్క సెన్సారు షార్టయి ఆ ఐదు వోల్టులను క్రిందికి లాగినా కంప్యూటరు చచ్చినట్లే కనిపిస్తుందని, అటువంటి బండ్లకు అనవసరంగా కంప్యూటర్లు మార్చించుకున్న వారున్నారని చెప్పారు.

పిమ్మట నాలుగు కాయిళ్ళ రెసిస్టెన్సును పోల్చారు. మూడవది తక్కిన వాటిలో సగం కూడా చూపలేదు. దాని సాకెట్టులో పచ్చని చిలుము! 2020 నాటి నీరు అక్కడ దాగి, నెలల తరబడి తన పని చేసుకొని పోయినది. దాని స్థానంలో మంచి కాయిల్ పెట్టినా స్పార్కు రాలేదు. పరీక్ష దీపం తక్కిన మూడు వైర్ల మీద మిణుకుమన్నది, మూడవ దాని మీద మిణుకుమనలేదు. వైరు ఎక్కడా తెగలేదు. అప్పుడు గాని ఆయన బ్యాటరీ విప్పి పెట్టెను చేత పట్టలేదు.

అంచుల జిగురును వేడిచేసి మూత తీయగా, ఒక చిన్న ట్రాన్సిస్టరు పగిలి, దాని ప్రక్క రాగి గీత నల్లబడి కనిపించినది. షార్టయిన కాయిల్ ఎక్కువ కరెంటు లాగి దానిని కాల్చివేసినది. వర్క్‌షాపు వారు చెప్పినది అబద్ధం కాదు, సగం నిజం. పాత కాయిల్ అలాగే ఉండి కొత్త కంప్యూటరు వేసి ఉంటే అదీ కాలిపోయేది.

"వేరే బండిది పాతది పెట్టరాదా ఉస్తాద్?" అని అడిగాము.

"మీ తాళంచెవి గుర్తు దీని మెమరీలోనే ఉంది సాబ్. వేరేది పెడితే అది మీ చెవిని గుర్తుపట్టదు, బండి కదలదు. వీలైనంత వరకు దీన్నే బాగు చేయాలి. ప్రాసెసరు కాలి ఉంటే మాత్రం నా చేతిలో లేదు."

అదే రకం పాత బోర్డునుండి ట్రాన్సిస్టరును తీసి అతికారు. కాలిన గీతకు సన్నని రాగి తీగతో వంతెన వేశారు. చిలుమును శుభ్రపరచి, కొత్త కాయిల్ బిగించిన తరువాతనే తాళం త్రిప్పారు. నాలుగు సిలిండర్లూ పలికినవి. మొత్తం ఖర్చు మొదట చెప్పిన వెలలో పదవ వంతు కూడా కాలేదు.

ఆ రాత్రి మా బల్ల మీద హాజరు చాలని విద్యార్థుల జాబితా ఉన్నది. ఐదు పేర్లకు ఎదురుగా "పరీక్షకు అనర్హులు" అని మేమే అంతకు ముందు దినం వ్రాసి ఉంచాము. హాజరు శాతం కూడా పి0353 వంటిదే కదా అని తోచి సిగ్గుపడ్డాము. ఎక్కడో దోషమున్నదని అది చెప్పినది. మేమేమో పెట్టె పోయినదని తీర్పు వ్రాశాము.

మరునాటి నుండి ఆ ఐదుగురి ఇండ్లకు వెళ్ళాము. ఒకడు కరోనా నాళ్ళలో తండ్రి పని పోగా రాత్రంతా గోదాములో మూటలు మోసి, ఉదయం నిద్రలో మునుగుతున్నాడు. వానిని మధ్యాహ్నపు తరగతికి మార్చించాము. ఒక అమ్మాయికి తోడు వచ్చే చెల్లెలు చదువు మానగా, ఒంటరిగా బస్సులో పంపుటకు ఇంటివారు జంకుతున్నారు. ఆ దారినే వచ్చే మరొక విద్యార్థినిని జత చేశాము. ఇంకొకరి తల్లి జబ్బుకు వైద్యుని పత్రమున్నది, అడిగిన వారే లేరు. ఈ ముగ్గురూ పరీక్ష వ్రాశారు. నాలుగవవాడు తిరిగి రానని స్వయంగా చెప్పాడు. ఐదవవాని ఇంటికి తాళం వేసి ఉన్నది. వారు ఊరు విడిచి రెండు నెలలైనదని పొరుగువారన్నారు. రెండు నెలల క్రితమే ఎందుకు రాలేదని ఆ తాళం మమ్ము అడిగినట్లుండినది. వాని పేరు ఎదుట మేము వ్రాసిన మాట రిజిస్టరులో నేటికీ ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. హాజరు పట్టికలో శాతం ప్రక్కన "కారణం" అని ఇంకొక గడి గీయించండి. ఆ గడి నిండనిదే ఏ పేరును కొట్టివేయవద్దు. దానిని నింపే పని, ఇండ్లకు నడిచే పని, అధ్యాపకులమైన మాది.