ఆట కట్టకముందే

చదరంగంలో రాజును చంపడం ఉండదు. తప్పించుకునే దారి లేకుండా చేస్తే ఆట కట్టు, అంతే. పెద్ద ఆటగాళ్లు అంతదాకా కూడా రానివ్వరు. కట్టు నాలుగైదు ఎత్తుల అవతల కనబడగానే గడియారం ఆపి, చెయ్యి కలిపి, కాగితం మీద సంతకం పెట్టి లేచిపోతారు. మన ఊళ్లలో పిల్లల టోర్నమెంటుకు వెళ్లి చూడండి, అక్కడ వ్యవహారం తలకిందులు. ఒంటరి రాజు మిగిలినా పిల్లవాడు కుర్చీ వదలడు, కోచ్ వదలనివ్వడు. "ఆట కట్టేదాకా లేవకు నాన్నా, ఎదుటివాడూ చిన్నవాడే, తప్పు చేస్తాడు" అని నూరిపోసి పంపిస్తాడు. నిజంగానే ఎదుటివాడు చేస్తాడు కూడా. మంత్రి చేతిలో ఉండి, చెక్ చెప్పకుండానే రాజుకు కదలడానికి గడి లేకుండా చేసి, గెలిచిన ఆటను డ్రా చేసుకుని, బయటికొచ్చి అమ్మ కొంగు పట్టుకుని ఏడుస్తాడు.

ఓటమి ఒప్పుకోవడం ఎంత కష్టమైన విద్యో చెప్పే ఆట ఒకటుంది. 1963 డిసెంబరులో న్యూయార్క్‌లోని హెన్రీ హడ్సన్ హోటల్లో మొదలైన అమెరికా జాతీయ ఛాంపియన్‌షిప్‌లోది. ఆడినవాళ్లు 12 మంది. ప్రతివాడూ మిగతా 11 మందితో తలపడాల్సిందే తప్ప ఫైనల్ అంటూ విడిగా లేదు. రెషెవ్‌స్కీ, బెంకో లాంటి ఉద్దండులున్నారు. 20 ఏళ్ల బాబీ ఫిషర్ ఎవ్వరికీ అర పాయింటైనా వదలకుండా 11కి 11 గెలుచుకున్నాడు. రెండో స్థానంలో వచ్చిన లారీ ఎవాన్స్‌కు దక్కినవి ఏడున్నర. టోర్నమెంటు గెలిచినందుకు ఎవాన్స్‌కూ, ప్రదర్శన రక్తికట్టించినందుకు ఫిషర్‌కూ అభినందనలని నిర్వాహకుడు హాన్స్ క్మోఖ్ చమత్కరించాడని చెబుతారు.

ఆ 11 ఆటల్లో రాబర్ట్ బర్న్‌తో ఆడింది ఒక్కటి చాలు. తెల్ల పావులు బర్న్‌వి. 14వ ఎత్తులో తన రెండు ఏనుగుల్లో ఒకదాన్ని మంత్రి వరుసలోకి తేవాలి. మూలనున్నది తేవచ్చు, రాజు పక్కనున్నది తేవచ్చు. బర్న్ రాజు పక్కనున్నదాన్ని తీశాడు. అంతే, ఆ ఏనుగు కాస్తున్న బంటుకు రాజే దిక్కయ్యాడు. మరుసటి ఎత్తులోనే ఫిషర్ గుర్రం వచ్చి ఆ బంటును కొట్టింది. రాజు గుర్రాన్ని చంపాడు. రెండో గుర్రం దూకింది. పోనీ, పోయిన గుర్రానికి బదులు ఫిషర్ ఏనుగును పట్టుకుంటాడేమో అనుకుంటే అదీ లేదు. ఏనుగును వదిలేసి, రాజుకు కాపలా ఉన్న శకటును కొట్టాడు. మామూలు ఆటగాడు ఏనుగునే తినేవాడు. నేనైతే ఆలోచించకుండా తినేవాణ్ణి. కానీ ఆ శకటు పోయాక తెల్ల గడుల వెంట రాజు మీదికి తలుపులన్నీ తెరుచుకున్నాయి.

21వ ఎత్తులో నల్ల మంత్రి ఒక్క గడి ముందుకు జరిగింది. చెక్ లేదు, కొట్టుడు లేదు. పావులు లెక్కేస్తే బర్న్ దగ్గర ఒక గుర్రం విలువ ఎక్కువ, ఒక బంటు తక్కువ. ఫిషర్ ఏనుగుల్లో ఒకటి ఇంకా మూలలోంచి కదలనే లేదు. పక్కగదిలో ప్రేక్షకులకు ఆట వివరిస్తున్న గ్రాండ్‌మాస్టర్లిద్దరూ బర్న్ గెలుస్తున్నాడనే అనుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు బర్న్ ఓటమి ఒప్పుకున్నాడు!

ఇప్పుడైతే ఆట చూసే తెర పక్కన కంప్యూటర్ లెక్కగట్టే పట్టీ ఒకటి పైకీ కిందికీ కదులుతూ ఎవరిది పైచెయ్యో ఎత్తెత్తుకూ చెప్పేస్తుంది. వ్యాఖ్యాతలు అంతగా పొరబడే వీల్లేదు. ఆ మేరకు మన సరదా తగ్గిందనే నా ఫిర్యాదు.

ఆ రోజు గెలిచిన ఫిషర్ మాత్రం ఉసూరుమన్నాడు. మంత్రిని అడ్డం పెడితే ఏనుగును బలిచ్చి, శకటుతో గుర్రాన్ని కొట్టి ఆట కట్టించే ముగింపు అతని మనసులో సిద్ధంగా ఉంది. అది బల్ల మీదికి రాకుండానే అవతలివాడు లేచిపోయాడని తర్వాత తన పుస్తకంలోనూ వాపోయాడు. ఇదే ఫిషర్ 13 ఏళ్ల కుర్రాడిగా 1956లో రాబర్ట్ తమ్ముడు డొనాల్డ్ బర్న్‌ను ఓడించినప్పుడు కథ వేరు. మంత్రినే బలిచ్చి ఆడిన ఆట అది. డొనాల్డ్ లేవలేదు. 41వ ఎత్తులో ఆట కట్టేదాకా కూర్చుని, కుర్రాడి ముచ్చట తీరనిచ్చాడు. తమ్ముడిది పెద్దమనసు, కాదనను. కానీ నా ఓటు అన్నకే. గెలిచేవాడు చూసినంత దూరమూ ఓడేవాడూ చూస్తే తప్ప ఆ ఎత్తు దగ్గర లేవడం కుదరదు.

రాబర్ట్ బర్న్ తత్వశాస్త్రం చెప్పిన పంతులు. తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లో 1972 నుంచి 2006 దాకా చదరంగం శీర్షిక రాశాడు. పక్కగది పెద్దలు పొరబడిన సంగతిని ఫిషర్ ఎత్తును మెచ్చుకుంటూ రాసి పెట్టిందీ అతనే. అది ఫిషర్ రాసి ఉంటే గొప్పలు పోయాడనేవాళ్లం.