కౌండిన్య అడవి అంచున రెండు రోజులు

మా వద్ద చదువుకొని ప్రస్తుతం బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక శిష్యుడు గత దసరా సెలవులలో భార్యాబిడ్డలతో వెంకటగిరికోటకు వచ్చాడు. వచ్చే వేసవిలో కుటుంబ సమేతంగా మలేషియా వర్షారణ్యాలకు వెళ్లాలన్నది అతని సంకల్పం. ట్రావెల్స్ వారు పంపిన జాబితా ఒకటి తీసి మా ముందుంచాడు. చెట్ల తలల ఎత్తున తాళ్లతో కట్టిన వంతెనపై నడక, రాత్రివేళ అడవిలో నడక, సుడులు తిరిగే నదిలో పడవ ప్రయాణం, ఏనుగు సవారీ, ఏనుగులతో స్నానం, ఆదివాసుల పల్లె సందర్శన, ఇలా పదకొండు అంశాలున్నాయి. ఉండేది ఐదు రోజులు. "హజ్రత్, వీటిలో ఏవి ఉంచమంటారు, ఏవి తీసేయమంటారు?" అని అడిగాడు.

మదర్సా ఉపాధ్యాయులను ఇటువంటి ప్రశ్న అడిగేవారు అరుదు. జకాత్ లెక్కలు, వారసత్వ వాటాలు అడిగేవారే ఎక్కువ. జాబితాను మడిచి గూట్లో పెట్టి, "ముందు రెండు రోజులు మన అడవిని చూడండి, తరువాత మాట్లాడుకుందాం" అన్నాము. అతని కుమార్తెకు పదిహేనేళ్లు, కుమారునికి పదకొండు. ఆ అబ్బాయికి కావలసినది ఒక్కటే. అడవిలో స్వేచ్ఛగా తిరిగే ఏనుగును కళ్లారా చూడాలి.

వి.కోట వాసులకు ఏనుగు కొత్త కాదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి కొన్ని మందలు మన చిత్తూరు జిల్లా కొండలలోకి వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసమే 1990లో పలమనేరు, కుప్పం ప్రాంతాల అడవిని కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. పాలారులో కలిసే కౌండిన్య నది పేరే దానికి పెట్టారు. ఇది మలేషియాలోని వర్షారణ్యం వంటిది కాదు. ఎండాకాలంలో ఆకు రాల్చి, వాన పడగానే చిగురించే పొడి అడవి. చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు, ముళ్లపందులు ఉన్నాయి. పసుపు గొంతు పికిలిపిట్ట అనే అరుదైన పక్షి ఈ రాతి కొండలలో కనిపిస్తుంది. పర్యాటకులు దాని పేరైనా అడగరు. ఏనుగు ఎక్కడ అనే అడుగుతారు.

మొదటి రోజు పలమనేరు దారిలో కైగల్ జలపాతానికి వెళ్లాము. స్థానికులు దానిని దుముకురాళ్లు అంటారు. రాళ్లు దొర్లిపడుతున్నట్టు వినిపించే ఆ హోరు వింటే పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు. సుమారు నలభై అడుగుల ఎత్తు నుండి నీరు పడుతుంది. వానలు మంచిగా పడి ఉన్నందున ధార బలంగా ఉంది. అమ్మాయి పై రాయి ఎక్కుతానన్నది. నాచు పట్టిన బండ మీద చెప్పు నిలువదు, ధార కింది గుంట ఎంత లోతో పై నుండి తెలియదు. వాగులో నీరు ఒక్కసారిగా పెరిగితే వెనుకకు రావడానికి దారి ఉండదు. తెలిసి తెలిసి ప్రాణాన్ని అపాయంలో వేయడాన్ని ధర్మం అనుమతించదని చెప్పి, దిగువన మోకాలి లోతు నీటిలో ఆడుకోనిచ్చాము. ఆమె కొంచెం అలిగింది. అక్కడే వుజూ చేసుకొని జుహర్ నమాజు జమాఅతుగా చదివాము. మేము స్థానికులం గనుక నాలుగు రకాతులు. మా శిష్యుడు ముసాఫిర్ అయినప్పటికీ, స్థానికుడైన ఇమామ్ వెనుక నిలబడినందున అతను కూడా నాలుగు పూర్తి చేయవలసిందే. ప్రయాణంలో రెండే కదా అని పిల్లవాడు తండ్రిని నిలదీశాడు. భోజనం ముగిసేవరకు ఆ చర్చే సాగింది.

తిరుగు ప్రయాణంలో టీ బంకు వద్ద ఒక యువకుడు మా వాహనం నంబరు చూసి దగ్గరకు వచ్చాడు. సాయంత్రం అయిదున్నరకు జీపులో తీసుకెళ్తాననీ, ఏనుగులు నీళ్లకు వచ్చే కుంట తనకు తెలుసుననీ, యాభై అడుగుల దూరం నుండి చూపిస్తాననీ అన్నాడు. అబ్బాయి కళ్లు మెరిశాయి. మా శిష్యుడు ధర అడిగాడు. మేము వద్దన్నాము. "హజ్రత్, బెంగళూరు నుండి ఇంత దూరం వచ్చాము, పిల్లవాడి కోరిక అదొక్కటే" అన్నాడతను. ఆ గొంతులో కోపం లేదు గానీ, నొచ్చుకున్నట్టు స్పష్టంగా తెలిసింది. ఆ రాత్రి ఇంట్లో వారికి మేము ఒక సంగతి చెప్పవలసి వచ్చింది. ఇంతవరకు ఏ విద్యార్థికీ దానిని చెప్పలేదు.

మేము ఉమరాబాద్‌లో చదువుకుంటున్న రోజులవి. అంటే 1980ల చివరి మాట. రమజాన్ సెలవులకు పేర్నంబట్టు ఘాట్ మీదుగా వి.కోటకు వస్తున్నాము. చీకటి పడిన తరువాతి బస్సు. ఒక మలుపు వద్ద డ్రైవరు ఇంజను ఆపి, లైట్లు ఆర్పాడు. ఎవరూ మాట్లాడవద్దని చేతితో సైగ చేశాడు. ముందు రోడ్డు మీద నల్లని ఆకారాలు మెల్లగా దాటుతున్నాయి. పెద్ద ఏనుగుల కాళ్ల మధ్య ఒక గున్న. మా పక్కన ఒక వృద్ధురాలు తస్బీహ్ చదువుతూ కూర్చున్నది. అప్పుడు మా చేతిలో ఒక కొత్త టార్చి ఉంది. గున్నను సరిగా చూడాలన్న ఉబలాటంతో దానిని వెలిగించాము. వెలుగు గున్న కంటి మీద పడింది. అది అరిచింది. వెనుక ఉన్న ఆడ ఏనుగు చెవులు విప్పుకొని బస్సు వైపు తిరిగి నాలుగు అడుగులు వేసింది. ఎవరో మా చేతి మీద కొట్టగా టార్చి కింద పడి ఆరిపోయింది. ఆ ఏనుగు అక్కడే నిలబడింది. ఎంతసేపో తెలియదు, వృద్ధురాలి తస్బీహ్ పూసల శబ్దం మాత్రం వినబడుతూ ఉంది. తరువాత అది వెనుదిరిగి మందలో కలిసింది. ఆ బస్సులో నలభై మందికి తక్కువ లేరు. చంటిబిడ్డలు కూడా ఉన్నారు.

దైవప్రవక్త (స) వారి ప్రయాణంలో జరిగిన ఒక సంఘటన హదీసు గ్రంథాలలో ఉంది. సహచరులు కొందరు ఒక చిన్న పక్షి పిల్లలను తీసుకోగా, తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది. ఆమెను ఎవరు బాధపెట్టారని విచారించి, పిల్లలను తిరిగి ఇచ్చివేయమని ప్రవక్త (స) ఆదేశించారు. ఆ హదీసును మేము బస్సు సంఘటనకు పూర్వమే తరగతిలో చదివి, పరీక్షలో రాసి, మంచి మార్కులు కూడా పొందాము.

రెండవ రోజు ఉదయం అడవి అంచున ఉన్న ఒక రైతు పొలానికి వెళ్లాము. అతను మాకు చాలా కాలంగా పరిచయస్థుడు. ఎకరం రాగి వేశాడు, పక్కన కొంత టమోటా. మూడు రాత్రుల క్రితం నాలుగు ఏనుగులు వచ్చి రాగిలో సగం తొక్కి, తిని వెళ్లాయి. ఒక పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు నూట యాభై కిలోల మేత కావాలి. ఎండు అడవిలో అంత దొరకడం కష్టం. కంకి పట్టిన రాగి, చెరకు, అరటి వాసన వాటికి ఎంతో దూరం నుండి తెలుస్తుంది. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. ఏనుగులు కందకం గట్లను పూడ్చి దాటుతాయి, కంచె మీదికి చెట్టును తోస్తాయి. ఆ రైతు ఇప్పటికీ మంచె మీదే పడుకుంటాడు. పక్కన డబ్బా, కర్ర, కొన్ని టపాసులు.

అబ్బాయి అతనిని, "ఏనుగును ఎంత దగ్గరగా చూశారు?" అని ఆత్రంగా అడిగాడు. రైతు నవ్వి మా వైపు తిరిగి, "మీ పిల్లోళ్లకు సూడాలని ఉంటాది సామీ. మాకు సూడకుంటే సాలు" అన్నాడు.

తరువాత గట్టు మీద బురదలో ఒక పాదముద్ర చూపించాడు. పళ్లెమంత ఉంది. అందులో వాన నీరు నిలిచింది. అబ్బాయి చెప్పులు విప్పి రెండు పాదాలూ దానిలో పెట్టి నిలబడ్డాడు. ఇంకా చోటు మిగిలింది. చాలాసేపు అతను ఏమీ అడగలేదు.

ఈ ప్రాంతంలో మనుషుల మధ్య పెరిగిన ఏనుగులు కూడా ఉన్నాయి. ననియాల శిబిరంలో జయంత్, వినాయక్ అనే కుంకీలను ఉంచారు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం మరికొన్ని కుంకీలను మన రాష్ట్రానికి అప్పగించింది. వాటి కోసం పలమనేరు సమీపాన ముసలిమడుగులో శిబిరం ఏర్పాటైంది. పొలాలపై పడే మందలను అడవికి మళ్లించడం వాటి పని. వాటి మీద ఎక్కవచ్చా అని అమ్మాయి అడిగింది. పోలీసు జీపులో షికారుకు వెళ్తామా అని వాళ్లమ్మే సమాధానం చెప్పింది. మాకంటే చక్కగా చెప్పిందనిపించింది.

ఆ అమ్మాయికి సాహసం కావాలి; అందులో తప్పేమీ లేదు. పుంగనూరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ కొండలకు వెళ్లమన్నాము. 1,200 మీటర్లకు పైగా ఎత్తు. తాళ్ల ఆటలు, పెద్ద గాలి బంతిలో దొర్లడం అక్కడ ఉన్నాయి. సల్వార్ మీద నడుము పట్టీ నిక్షేపంగా కట్టుకోవచ్చు. సాహసమంటే మన భయాన్ని మనం జయించడం. మృగాన్ని భయపెట్టి పొందే పులకరింత అందులోకి రాదు. ట్రావెల్స్ వారి జాబితా ఈ రెండింటినీ ఒకే వరుసలో రాస్తుంది, అక్కడే మన పిల్లలు పొరబడతారు. అన్నట్టు, ఆ కొండ పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు పోషించాయని అక్కడి వారి కథ.

ఆ రాత్రి ఇషా తరువాత గూట్లోని జాబితాను తీశాము. ఏనుగు సవారీని మా శిష్యుడే కొట్టివేశాడు. ఏనుగులతో స్నానం దగ్గర కలం ఆగింది. రోజంతా వరుసగా వచ్చే కొత్త మనుషులతో అణకువగా నీట మునిగే ఏనుగును అలా మలచడానికి, చాలా చోట్ల గున్నగా ఉన్నప్పుడే తల్లి నుండి వేరు చేసి, కట్టి, కొట్టి లొంగదీస్తారు. అదీ పోయింది. దానికి బదులు పహాంగ్ రాష్ట్రంలోని కువాలా గండా కేంద్రాన్ని ఉంచాము. తోటలపై పడే ఏనుగులను పట్టి దూరపు అడవులకు తరలించేవారి కేంద్రమది. మన రైతు కష్టం అక్కడి రైతుకూ ఉందని పిల్లలకు తెలుస్తుంది. అక్కడ కూడా దూరం నుండి చూడడం వరకే అని అబ్బాయి తానే పక్కన రాశాడు.

తమన్ నెగారాలో చెట్లపై నడక, రాత్రి నడక ఉంచాము. వర్షారణ్యంలో పెద్ద జంతువులు కనబడడం అరుదు. ఆకుల దట్టంలో పది అడుగుల అవతల ఉన్నది కూడా కంటికి ఆనదు. కానీ రాత్రివేళ పురుగులు, కప్పలు, పుల్లను పోలిన కీటకాలు కనబడతాయి. అతినీలలోహిత దీపం కింద తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. దివ్య ఖుర్ఆన్‌లో చీమ పేరిట ఒక సూరా, తేనెటీగ పేరిట ఒక సూరా, సాలీడు పేరిట ఒక సూరా ఉన్నాయి. ఏనుగు పేరిట ఉన్న సూరా ఐదు ఆయతులే. ఈ లెక్క విని పిల్లలు నవ్వారు, కానీ రాత్రి నడక పక్కన టిక్కు పెట్టారు. జలగలకు భయపడి తల్లి మాత్రం పొడవాటి సాక్సులు, ఉప్పు మూట అని వేరే జాబితా మొదలుపెట్టింది. పడవ ప్రయాణం లైఫ్ జాకెట్లు ఇచ్చే షరతుపై ఉండిపోయింది. నవంబరు నుండి జనవరి వరకు అటువైపు భారీ వర్షాలు గనుక వేసవి ఎంపిక సరైనదే.

ఆదివాసుల పల్లె సందర్శనపై చాలాసేపు ఆలోచించాము. బస్సులో దిగి, వారి గుడిసెల ముందు నిలబడి ఫోటోలు తీసుకొని వెళ్లడం మాకు రుచించలేదు. మన ఇంటి ముందు ఎవరైనా రోజూ అలా చేస్తే? కానీ వారికి దాని వల్ల నాలుగు డబ్బులు వస్తాయని మా శిష్యుడు అన్నాడు. అదీ నిజమే. అడవి దారి చూపడానికి వారిలో ఒకరినే మార్గదర్శిగా కుదుర్చుకొని కూలి ముట్టజెప్పాలనీ, పల్లెకు వెళ్లవద్దనీ నిర్ణయించాము. ఇది సరైనదో కాదో ఇప్పటికీ మా మనసు పూర్తిగా తేల్చుకోలేదు.

వారు బెంగళూరు వెళ్లిపోయారు. డిసెంబరులో ఒక సాయంత్రం మగ్రిబ్ తరువాత అబ్బాయి ఫోన్ చేశాడు. ఆ రైతు మిగిలిన రాగి కోశాడా అని అడిగాడు. మరుసటి రోజు వెళ్లి విచారించాము. ఏనుగులు మరొకసారి వచ్చాయట. డబ్బాల మోతకు గట్టు దగ్గరే ఆగి వెళ్లిపోయాయట. మిగిలిన అర ఎకరం పంట ఇంటికి చేరింది. రైతు ఒక సంచిలో రెండు శేర్ల రాగులు పోసి, "ఆ పిల్లోడికి పంపండి, సంగటి సేసుకుంటారు" అన్నాడు. సంచి ఇంకా మా వద్దనే ఉంది. బెంగళూరు వెళ్లేవారెవరైనా ఉంటే ఇచ్చి పంపాలి.