బ్రేకు డిస్కు మీద తుప్పు

వాన పడిన మర్నాడు పొద్దున్నే సెల్లార్లోకి దిగి చక్రాల సందుల్లోంచి చూస్తే కారు బ్రేకు డిస్కులు ఎర్రమట్టి పూసినట్టు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. అది 2016, కారు కొని ఏడాది కూడా కాలేదు. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తాను. అక్కడి అడ్వైజర్ ఓసారి వంగి చూసి, "డిస్కులు, ప్యాడ్లు రెండూ మార్చేద్దాం సార్, బ్రేకులతో ఆటలొద్దు" అన్నాడు. తొమ్మిది వేల చిల్లర వదిలింది. తర్వాతి వారం కొండాపూర్‌లో మళ్ళీ వాన. మర్నాడు చూద్దును కదా, కొత్త డిస్కులదీ అదే రంగు!

అప్పుడు కూర్చుని చదివాను (డబ్బులు కట్టాక డాక్యుమెంటేషన్ చదవడం మనవాళ్ళకి అలవాటే కదా). మామూలు కార్ల డిస్కులు పోత ఇనుముతో చేస్తారు. ప్యాడ్ రాసుకునే చోట రంగు వేసినా ఉపయోగం లేదు, నాలుగు బ్రేకులకే ఊడిపోతుంది. కాబట్టి అక్కడ ఉండేది ఉత్త ఇనుము. తడి తగిలితే రాత్రికి రాత్రే పల్చగా తుప్పు పడుతుంది. పొద్దున్న నాలుగైదు సార్లు బ్రేకు తొక్కితే ప్యాడ్లే గీకేస్తాయి. మొదట్లో వచ్చే గరగర కూడా దాంతోనే పోతుంది. డిస్కు మధ్యలో టోపీలాంటి భాగానికీ, అంచుకీ ప్యాడ్ తగలదు, అక్కడ తుప్పు ఎప్పుడూ ఉంటుంది. వైజాగ్ బీచ్ రోడ్డు దగ్గరుండే వాళ్ళకైతే ఉప్పుగాలికి ఇంకా త్వరగా పడుతుంది.

ఇది తెలిశాక నేను రెండో వైపుకి పూర్తిగా ఒరిగిపోయాను. ఎవరడిగినా "అబ్బే, అది ఉత్త వార్నింగే, ఎర్రర్ కాదు" అని కొట్టిపారేసేవాణ్ణి. వార్నింగులన్నీ ఆపేసి బిల్డ్ చేసేవాడికి ఏమవుతుందో మీకు తెలిసిందే.

2020 మార్చిలో లాక్‌డౌన్. ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాం, కారు సెల్లార్లో హ్యాండ్‌బ్రేకు వేసి వదిలేశాం. జూన్‌లో తీద్దామంటే వెనక చక్రం కదల్లేదు. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేకులే. నెలల తరబడి బిగించి ఉంచితే షూలు డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుపోతాయి. నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊపితే టప్‌మని వదిలింది. మొండిగా లాగి ఉంటే షూ లైనింగ్ ఊడి వచ్చేదట. అప్పట్నించీ ఎక్కువ రోజులు ఆపాల్సి వస్తే హ్యాండ్‌బ్రేకు వెయ్యను, గేర్లో ఉంచి చక్రానికి ఇటుక అడ్డం పెడతాను.

తర్వాత అక్టోబర్ 13 రాత్రి వాన. ఆ రాత్రిని హైదరాబాద్‌లో ఎవరూ మర్చిపోరనుకోండి. మా సెల్లార్లో నీళ్ళు చక్రం సగం దాకా వచ్చాయి. నీళ్ళు తోడించాక కారు స్టార్టయింది, నాకంతే చాలనిపించింది. నాలుగు రోజులు తిప్పాక ఎడమ ముందు డిస్కు మెరుస్తోంది, కుడిదాని మీద మాత్రం గోధుమరంగు పట్టీ అలాగే ఉంది. చూశాను. "సర్‌ఫేస్ రస్టే, పోతుందిలే" అనుకున్నాను.

నాన్నగారు ఊర్నుంచి వచ్చారు. రెండో రోజే "ఏరా, బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగుతోందేంటి?" అన్నారు. రోడ్డే వాలుగా ఉందన్నాను. ఇంకో రెండు రోజులకి, రోడ్ నంబర్ 45 నుంచి కేబుల్ బ్రిడ్జి వైపు వస్తుంటే ముందు ఆటో ఠక్కున ఆగింది. బలంగా తొక్కాను. కారు ఆగింది గానీ ఎడమకి తిరిగి ఆగింది, పక్కనే వస్తున్న డెలివరీ కుర్రాడి బైకుకి జానెడు దూరంలో. అతను తిట్టలేదు. "జర చూస్కోని నడుపన్నా" అని వెళ్ళిపోయాడు. నాన్నగారు ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

మియాపూర్‌లో ఓ మెకానిక్ చక్రం విప్పి చూపించాడు. కాలిపర్ జరగాల్సిన స్లైడ్ పిన్నులు తుప్పుతో బిగుసుకుపోయాయి. దాంతో లోపలి ప్యాడ్ ఒక్కటే నొక్కుతోంది, అది అరిగి ఇనపరేకు తేలింది. బయటి ప్యాడ్ దాదాపు కొత్తదానిలా ఉంది. అది సరిగ్గా తగలట్లేదు కాబట్టే బయటివైపు తుప్పు పోలేదు. అంటే ఆ పట్టీ నాకు వారాల తరబడి సంగతి చెబుతూనే ఉంది! పిన్నులు శుభ్రం చేసి బ్రేకులకి వాడే గ్రీజు పెట్టాడు, రెండు వైపులా ప్యాడ్లు మార్చాడు, లోపలివైపు గాడులు పడిన డిస్కులూ మార్చాల్సి వచ్చింది. ఈసారి నిజంగానే.

కాబట్టి తుప్పు ఉందా లేదా అని కాదు, నడిపాక పోయిందా లేదా అని చూడండి. ఒక చక్రం మీద పోయి రెండోదాని మీద ఉండిపోయినా, వేలికి గుంటలు తగిలినా (డిస్కు చల్లారాకే ముట్టుకోండి!), పెడల్ అదిరినా, గరగర ఆగకపోయినా, ఒక చక్రం దగ్గరే వేడి, మాడు వాసన వచ్చినా విప్పించాల్సిందే. డిస్కు ఎప్పుడు మార్చాలో కూడా అడ్వైజర్ మాట మీద పోనక్కర్లేదు, కనీస మందం ఎంతో చాలా డిస్కుల మీదే మిల్లీమీటర్లలో అచ్చువేసి ఉంటుంది. కొలిచి చూపించమనండి.

మొన్న మా టీములో కుర్రాడొకడు ఎలక్ట్రిక్ కారు కొని ఇదే తుప్పు గురించి కంగారుగా అడిగాడు. వాటిల్లో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది, డిస్కులకి పని తక్కువ, అందుకే తుప్పు ఎక్కువ. ఫోక్స్‌వాగన్ వాళ్ళు ఐడీ.3, ఐడీ.4 కార్లకి వెనక మళ్ళీ డ్రమ్ములే పెట్టారు. అప్పుడప్పుడూ ఖాళీ రోడ్డు మీద నాలుగుసార్లు గట్టిగా బ్రేకు తొక్కమని చెప్పి, "ఏ వైపైనా లాగుతోందా?" అని అడిగాను. రేపు చూసి చెప్తానన్నాడు.