మందు కొట్టేవాడు చట్టంలో లేడు

మన భాషలో ‘మందు’ అనే మాటకు హద్దు లేదు. జ్వరం తగ్గించేదీ మందే, సారా కూడా మందే, పత్తిచేనుకు కొట్టేదీ మందే. విషాన్ని ఇంత చల్లగా పిలుచుకున్నాక, కొట్టేవాడికి గ్లౌజులెందుకు అని ఆసామి అడిగితే వింతేముంది? తెలుగు పాఠం చెప్పేవాణ్ని కాబట్టి ఆ మాట దగ్గర మొదలుపెట్టాను. అసలు సంగతి చట్టం దగ్గర ఉంది.

1958లో కేరళలో పెరాథియాన్ అనే పురుగుమందు కలిసిన పిండి తిని వందమందికి పైగా చనిపోయారు. దానిపై విచారణ జరిగింది. ఆ తర్వాత 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. అంటే తిన్నవాళ్లు చస్తే పుట్టిన చట్టం ఇది. కొట్టినవాళ్లు చస్తే పుట్టింది కాదు.

జరిమానాల లెక్క 29వ సెక్షన్‌లో ఉంది. తప్పుడు లేబుల్ మందు అమ్మితే మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, లేదా 10 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. నిబంధనలు మీరి వాడితే జరిమానా 500 నుంచి 5 వేల దాకా. ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు.

1971 నిబంధనలైతే ఇంకా బాగున్నాయి. మందు కొట్టేవాళ్లకు రక్షణ దుస్తులు, ముక్కుకు మాస్కు, వైద్య పరీక్షలు ఉండాలని రాశారు.

ఇక 38వ సెక్షన్ చదవండి. ఎవరైనా తన సాగులో ఉన్న భూమిలో మందు వాడుకుంటే ఈ చట్టంలోనిదేదీ వర్తించదు! భూమి ఉన్నవాడికి మినహాయింపు దొరికింది. ఆ భూమిలోకి దిగి పంపు మోసే కూలీ ఊసే అక్కడ లేదు. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయ కూలీలు 14 కోట్లకు పైనే. వాళ్లలో మన వాడల వాళ్లు ఎందరో చెప్పాల్సిన పనిలేదు.

2017లో ఆదిలాబాద్ సరిహద్దుకు ఆవల, యవత్మాల్ జిల్లా పత్తిచేలల్లో మందు కొడుతూ విషం పీల్చి 20 మందికి పైగా చనిపోయారు. విషప్రమాదాల సమాచారం ఇవ్వాలని రాష్ట్రాలు ఆదేశించవచ్చని 26వ సెక్షన్ చెబుతుంది. ‘ఆదేశించవచ్చు’ అంతే. ‘ఆదేశించాలి’ కాదు.

రెండెకరాల రైతును జైల్లో పెట్టమని నేను అనడం లేదు. కౌలుకు చేసే మనవాళ్లూ అదే విషం పీలుస్తున్నారు. బరువు పైనున్నవాళ్ల మీద పడాలి. మాస్కు, గ్లౌజులు లేకుండా ఎర్ర త్రికోణం డబ్బా అమ్మే కంపెనీ మీద, డీలరు మీద పడాలి. వసూలైన జరిమానా ఖజానాకు కాదు, కూలీ ఇంటికి చేరాలి. కూలీలతో కొట్టించే పెద్ద ఆసాములకు 38వ సెక్షన్ మినహాయింపు తీసేయాలి.

చట్టం మారేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. మందు సోకి కూలీ ఆసుపత్రికి వస్తే ముందు అనుమానించేది ఆత్మహత్యనే. కేస్‌షీటులో ‘పనిలో మందు కొడుతూ విషం సోకింది’ అని రాయించండి. డబ్బా పారేయకండి, లేబుల్ ఫోటో తీయండి. ఏ చేను, ఎవరి చేను, ఎన్ని పంపులు కొట్టాడు, తేదీతో సహా కాగితం మీద పెట్టండి. రేపు పరిహారం అడగాలన్నా, అసెంబ్లీలో ప్రశ్న వేయించాలన్నా ఆ కాగితమే కావాలి.

జై భీమ్.