నాలుగు చుక్కల ముగ్గు

మా అమ్మాయి పెళ్లయి వెళ్లాక నాకు మంచం దిగబుద్ధయ్యేది కాదంటే నమ్ముతారా? డాక్టరుగారు మందులు రాసి, ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి పంపారు. మన దేశంలో ఈ చదువు 1950లోనే బొంబాయిలో మొదలైందట, నేను వినడం మాత్రం అప్పుడే.

"పొద్దున్నించీ ఏమేం చేస్తారమ్మా?" అని అడిగారావిడ. ఏమీ చేయడం లేదు మరి, ఏడుపొచ్చేసింది. వాకిట్లో నాలుగు చుక్కల ముగ్గు ఒక్కటే వేయమన్నారు. ఇదేం వైద్యమండీ!

మొదటి వారం రెండ్రోజులే వేశాను, అదీ వంకరటింకరగా. ఆవిడ తప్పు పట్టలేదు, పీట వేసుకుని కూర్చోమన్నారు. చేతనయినంత చిన్న పని ఇచ్చి, కుదిరాక కాస్త పెంచడమే వాళ్ల పద్ధతి. ఇప్పుడు ఏడు చుక్కలకొచ్చాను. మందులు మానలేదు సుమండీ.

నిన్న పక్కింటి పిన్నిగారు ముగ్గు చూసి, "అమ్మాయొచ్చిందా?" అన్నారు.

"లేదండీ, నేనే వేశాను" అన్నాను.