శ్రవణం కింద గోధుమ మొలకలు

శ్రావణంలో ఒక మధ్యాహ్నం వర్ధన్నపేటలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని తండాకు చేరేసరికి ఆడపిల్లలంతా ఒక రేగు కొమ్మ చుట్టూ మూగి ఉన్నారు. లంబాడీల తీజ్ పండుగకు అది మొదటి రోజు. నానబెట్టిన శనగలను ఒక్కొక్కటే రేగు ముళ్లకు గుచ్చాలి. బావ వరసైన కుర్రాళ్లు కొమ్మ పట్టుకుని ఊపేస్తుంటారు. గింజ జారినా, ముల్లు దిగినా కోపం తెచ్చుకోకూడదు. నా పక్కనున్న పిల్ల వేలి మీది నెత్తుటి చుక్కను పావడాకు తుడుచుకుని మళ్లీ గుచ్చింది.

"ఓపిక చూస్తరు బిడ్డా, రేపు సంసారంల కావాల్సింది గదే" అంది ఒక ముసలమ్మ.

తర్వాత పుట్టమన్ను, పశువుల ఎరువు నింపిన బుట్టల్లో గోధుమలు చల్లారు. వాటిని మంచె మీద పెట్టి తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. మొలక ఎంత ఒత్తుగా వస్తే అంత మంచి మొగుడొస్తాడని నమ్మకం.

ఆ బుట్టలు చూస్తుంటే చైనావాళ్ల చీషీ గుర్తొచ్చింది. ఏడో నెల ఏడో రోజున వచ్చే ప్రేమ పండుగ అది. పశువుల కాపరి, బట్టలు నేసే దేవకన్య ఆకాశగంగకు చెరో ఒడ్డున ఉండి, ఏడాదికి ఒక్క రాత్రి పక్షులు కట్టిన వంతెన మీద కలుసుకుంటారట. సాంగ్ రాజుల కాలంలో ఆ పండుగకు పెసలు, గోధుమలు పింగాణీ గిన్నెల్లో మొలకెత్తించి, ఎర్ర, నీలి దారాలతో కట్టేవారు. ఆ కాపరి నక్షత్రం మన శ్రవణమే, శ్రావణ మాసానికి పేరిచ్చిన చుక్క. నేతకన్య మన అభిజిత్తు. ఎవరు ఎవరి దగ్గర నేర్చారన్న లెక్క నాకు అక్కర్లేదు. పెళ్లీడు పిల్ల మనసులోని కోరికను చెప్పడానికి పచ్చటి మొలకకు మించింది లేదని రెండు చోట్లా తోచింది, అంతే.

తొమ్మిదో రోజు మళ్లీ వెళ్లాను. మొలకలు జానెడు ఎదిగాయి. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల కాళ్లు కడిగారు. పెద్దల తలపాగాల్లో మొలకలు దోపారు. చెరువు గట్టున బుట్టలు నీళ్లలో వదిలేటప్పుడు పిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వచ్చే ఏటికి వీళ్లలో కొందరు అత్తారింట్లో ఉంటారు. మబ్బు విడిన చోట, నడినెత్తికి దగ్గరగా శ్రవణం వెలుగుతోంది.

వచ్చే శ్రావణంలో మీరూ వెళ్లండి. ముందు తండా పెద్ద నాయక్‌కు రామ్‌రామ్ చెప్పి అడగండి. చెరువు గట్టు దాకా వాళ్లతో నడవండి.