పాట పైకి ఎక్కదు, గిటారే కిందికి దిగాలి

కొంచెం పెద్ద పోస్టే. గిటార్ తీగల గురించి. గిటార్ మనకెందుకు అనుకునేవాళ్లు కూడా చదవండి, ఇది రేల పాట దగ్గర మొదలైంది.

పోయిన ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి రాజమండ్రిలో మా హాస్టల్ పిల్లలం ప్రోగ్రాం చేశాం. చింతూరు వైపు అమ్మాయిలు నలుగురు రేల పాట పాడారు, గిటార్ నేను. నాకు అప్పటికి బాగా వచ్చింది ఇ మేజర్ కార్డు. అందుకని పాటను ఇ లోకి లాక్కొచ్చాను. రెండు చరణాలు ఎలాగో గడిచాయి. మూడో చరణంలో పై స్వరం దగ్గర ముందు పాడే చెల్లి గొంతు పగిలింది. స్టేజి దిగాక ఒక పెద్దమనిషి "ఊళ్లో పాటలు కదమ్మా, శృతి ఉండదులే" అన్నాడు. ఆయన తిట్టలేదు, ఓదార్చాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మా పెద్దమ్మ పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేశాను. ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే పాట నిలబడే స్వరం సి. పది నిమిషాల తర్వాత చూసినా సి దగ్గరే, వెంట్రుకవాసి కిందికి. ముందు ఎవరూ స్వరం ఇవ్వలేదు, పక్కన వాయిద్యం లేదు. అంటే శృతి పాటలోనే ఉంది. నేనే దాన్ని నాలుగు మెట్లు పైకి ఈడ్చాను.

బారె కార్డులు వేస్తే సి లో వాయించలేవా అని అడుగుతారు. వాయించొచ్చు. కానీ నాకు కావాల్సింది వేలు పెట్టకుండా వదిలేసిన తీగ కింద హోరుమని మోగుతూ ఉండటం, పైన వాళ్లు పాడుకోవడం. దానికి గిటారే దిగాలి. కాపో పెడితే పైకే పోతుంది, కిందికి రాదు.

నా గిటార్ మీద 11-52 సెట్ ఉండేది. అంటే సన్న తీగ 0.011 అంగుళం, లావు తీగ 0.052 అంగుళం. అన్నిటినీ నాలుగు మెట్లు దించేశాను. తీగలు బట్టలారేసే తాడులా అయిపోయాయి. గట్టిగా మీటితే స్వరం ముందు పైకి ఎగిరి తర్వాత కిందికి జారుతుంది. ఫ్రెట్ల మీద కొట్టుకుని జర్రుమంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది సొనోమీటర్. ల్యాబ్‌లో బరువులు వేలాడదీసి, కాగితం ముక్క ఎగిరి పడేదాకా వంతెనలు జరిపి, రికార్డులో రాసి మర్చిపోయిన ప్రయోగం! 1636లో మెర్సెన్ అనే ఆయన పుస్తకంలో పెట్టిన సూత్రాలే అవి. తీగ పొడవు మారకపోతే, బిగువు స్వరం వర్గాన్ని బట్టి మారుతుంది. రెండు మెట్లు దించితే బిగువు సుమారు 20 శాతం పోతుంది, నాలుగు మెట్లకి 37 శాతం. ఆ పోయినది తిరిగి రావాలంటే తీగ లావు కావాలి. రెండు మెట్లకి ఇప్పుడున్న లావుని 1.12తో, నాలుగు మెట్లకి 1.26తో గుణించాలి. చుట్టు తీగలకి ఇది కచ్చితం కాదు గానీ దగ్గరగా వస్తుంది. నా 52కి లెక్కేస్తే నాలుగు మెట్లకి 65 దాటింది. మెయిన్ రోడ్ షాపులో అడిగితే అతను నవ్వాడు.

అతని దగ్గర ఉన్న లావు సెట్ 13-56. నా లెక్కలో అది రెండు మెట్లకి సరిపోతుంది. సరే, అన్నీ రెండు మెట్లే దించాను. ఇప్పుడు డి కార్డు పట్టుకుంటే మోగేది సి! ఆరో తీగని మాత్రం ఇంకో రెండు మెట్లు దించి సి చేశాను. యూట్యూబ్‌లో దీన్ని డ్రాప్ సి అంటారు, చెప్పేవాళ్లంతా మెటల్ వాయించే కుర్రాళ్లు. వాళ్లలో పాతకాపు టోనీ అయోమీ. ఫ్యాక్టరీ మిషన్‌లో రెండు వేళ్ల కొసలు పోయినాయన. వేళ్లకి నొప్పి తగ్గాలని సన్న తీగలు వేసుకున్నాడు, 1971 ఆల్బమ్‌లో గిటార్‌ని మూడు మెట్లు దించాడు. ఆయనకి వదులే కావాలి. నాకు వద్దు. కాబట్టి ఏ సైజు మంచిదని ఎవరైనా ఒక్క ముక్కలో చెబితే నమ్మకండి.

సెట్‌కి మెస్ బిల్లు పోను మిగిలిన దాంట్లో సగం అయ్యింది. పైగా లావు తీగ నట్ గాడిలో కూర్చోలేదు. పాత తీగ ముక్కకి సన్న సాండ్ పేపర్ చుట్టి, గాడిని పక్కలకి మాత్రమే మెల్లగా రాశాను. లోతుకి రాస్తే నట్ పోయినట్టే. ఇంకో మాట, 13-56 వేసి మామూలు శృతికి మాత్రం బిగించకండి. మొత్తం లాగుడు 80 కిలోలు దాటుతుంది, చవక గిటార్‌కి బ్రిడ్జి లేచిపోవచ్చు. రెండు మెట్లు దించితే పాత తీగలు లాగినంతే దాదాపు.

మొన్న ఆదివారం మళ్లీ కూర్చున్నాం. ఆ చెల్లి ముందు రానంది, "నీ గిటార్‌తో నా వల్ల కాదన్నా" అంది. "నువ్వు మొదలుపెట్టు, నేను తర్వాత కలుస్తా" అన్నాను. తనకి తోచిన చోట ఎత్తుకుంది. సి కంటే కొద్దిగా పైన. నేను తీగలు ఆమెకి సరిచేసుకుని కలిశాను. నాలుగు చరణాలూ పాడింది, మధ్యలో నీళ్లు కూడా అడగలేదు.

ఆరో తీగ ఇంకా కొంచెం వదులే. గట్టిగా కొట్టకుండా బ్రిడ్జి దగ్గర బొటనవేలితో మీటి నెట్టుకొస్తున్నా. ఆగస్టు లోపల ఎవరైనా హైదరాబాద్ నుంచి వస్తుంటే, అకౌస్టిక్‌కి పనికొచ్చే 60 సైజు విడి తీగ ఒక్కటి తెచ్చిపెట్టండి. డబ్బులు ఇస్తాను.